96 చుక్కల అంగుళం: తెరపై అక్షరస్పష్టత చరిత్ర – తెలుగు లిపి

వ్యాససంగ్రహం

అధిక సాంద్రత గల మానిటర్లపై కొన్ని డెస్క్‌టాప్ ప్రోగ్రాములలో అక్షరాలు మసకగా కనిపిస్తాయి. దీనిని ఫాంటు లోపంగానో, తెర లోపంగానో భావించడం పరిపాటి. 1984 నుంచి 2018 వరకు తెరపై అక్షరచిత్రణ మారిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ మసకకు ప్రధానకారణం ‘అంగుళానికి 96 పిక్సెళ్లు’ అనే పాత అంచనా అని ప్రతిపాదిస్తుంది. ఒత్తులను, గుణింతాలను నిలువుగా పేర్చుకొనే తెలుగు లిపికి ఈ సమస్య ఎందుకు తీవ్రమైనదో, దీనికీ పాఠపరిష్కరణకూ గల సంబంధమేమిటో వివరిస్తుంది.

కీలకపదాలు: అక్షరచిత్రణ, పిక్సెల్, ఫాంటు, హింటింగ్, స్కేలింగ్, యూనికోడ్, డీటీపీ, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

ఒకే తెరపై రెండు విండోలు పక్కపక్కన తెరిచి ఉన్నాయనుకుందాం. ఒకదానిలో బ్రౌజర్, మరొకదానిలో ఇరవై ఏళ్ల నాటి పేజీ కూర్పు ప్రోగ్రాము. బ్రౌజర్‌లోని తెలుగు అక్షరం అచ్చులో ఉన్నంత తేటగా కనిపిస్తుంది. పక్క విండోలోని అక్షరం తడి కాగితంపై సిరా పాకినట్టు అంచులు చెదిరి కనిపిస్తుంది. చూసే కన్ను ఒకటే, తెర ఒకటే. రెండో విండోలోని పేజీనే ముద్రిస్తే కాగితంపై అక్షరం నిర్దుష్టంగా వస్తుంది. అంటే ఫాంటులోనూ దోషం లేదు. మసక ఈ మూడింటికీ వెలుపల, ప్రోగ్రాముకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య ఎక్కడో పుడుతోంది.

తాళపత్రప్రతులలోని లేఖకదోషాలనూ, అచ్చుపుస్తకాలలోని ముద్రణదోషాలనూ గుర్తించి సవరించే పద్ధతి మన పరిష్కర్తలకు కొత్త కాదు. గంటం, ఆకు, సీసపు అచ్చు, కాగితం – వీటి స్వభావం పాఠాన్ని ఎలా ప్రభావితం చేస్తుందో తెలిసినవారే పరిష్కరణలో రాణించారు. గత నాలుగు దశాబ్దాలుగా మన పాఠాలు తెరపై కూర్చబడి, తెరపైనే దిద్దబడుతున్నాయి. కాబట్టి తెరను కూడా ఒక లేఖనసాధనంగా చూసి, దాని స్వభావాన్ని చారిత్రకంగా తెలుసుకోవలసి ఉంది.

ఈ పరిశీలనకు ముందుగా ఒక విభజన అవసరం. తెరపై కనిపించే మసక రెండు విధాలు. అక్షరపు అంచు మెత్తగా కనిపించడం కోసం కావాలని కల్పించేది మొదటిది. ఒకసారి చిత్రించిన అక్షరాన్ని బొమ్మగా సాగదీయడం వల్ల కలిగేది రెండోది. మొదటిది ఉపకారి, రెండోది అపకారి. ఈ రెండింటి చరిత్రలు వేరువేరు.

2. 72 నుంచి 96 వరకు

ముద్రణారంగంలో అక్షరం కొలత ‘పాయింట్’. డీటీపీ లెక్కలో అంగుళంలో 72వ వంతు ఒక పాయింట్. 1984లో వెలువడిన ఆపిల్ మాకింతోష్ తెరపై 512 అడ్డు, 342 నిలువు పిక్సెళ్లు ఉండేవి. వాటి సాంద్రత అంగుళానికి 72. అందువల్ల ఒక పిక్సెల్ ఒక పాయింట్‌కు సరిపోయింది. 12 పాయింట్ల అక్షరం తెరపై 12 పిక్సెళ్లు. కాగితంపై ఎంత పరిమాణంలో ఉంటుందో తెరపైనా అంతే.

మైక్రోసాఫ్ట్ విండోస్ మరొక లెక్కను స్వీకరించింది. చదువరి పుస్తకాన్ని పట్టుకొనే దూరం కన్నా తెరను చూసే దూరం సుమారు మూడోవంతు ఎక్కువ. కాబట్టి తెరపై అక్షరం కూడా మూడోవంతు పెద్దదిగా ఉండాలి. 72కు మూడోవంతు కలిపితే 96. ఈ లెక్కలో 12 పాయింట్ల అక్షరానికి 16 పిక్సెళ్లు దక్కుతాయి. చిన్న అక్షరాలు చదవడానికి ఈ అదనపు పిక్సెళ్లు తోడ్పడ్డాయి.

గమనించవలసిన విషయమేమిటంటే, 96 అన్నది తెరను కొలిచి నిర్ణయించిన సంఖ్య కాదు. అది ఒక అంచనా. తెర సాంద్రత 80 అయినా, 100 అయినా సిస్టమ్ మాత్రం 96 అనే చెప్పేది. నాటి తెరలు దానికి అటూ ఇటూగా ఉండడం వల్ల ఇబ్బంది కలగలేదు. నేటికీ 24 అంగుళాల తెరపై 1920 × 1080 పిక్సెళ్లు ఉంటే సాంద్రత సుమారు 92. ఈ స్థిరత్వాన్ని నమ్మి ప్రోగ్రామర్లు బటన్ల వెడల్పు, పెట్టెల ఎత్తు, వరుసల ఎడం నేరుగా పిక్సెళ్లలో రాసుకున్నారు. అంచనాగా మొదలైన సంఖ్య ఆ విధంగా ప్రోగ్రాముల నిర్మాణంలో స్థిరపడిపోయింది.

3. రేఖాచిత్రం నుంచి చుక్కలకు

తొలినాళ్లలో ప్రతి పరిమాణానికీ అక్షరాన్ని చుక్కలతో విడివిడిగా గీసేవారు. 1984లో అడోబీ పోస్ట్‌స్క్రిప్ట్ భాషతో అక్షరాన్ని రేఖలు, వక్రాలుగా వర్ణించే పద్ధతి ముద్రణలోకి వచ్చింది. ఆపిల్ రూపొందించిన ట్రూటైప్ 1991లో ఆ సంస్థ సిస్టమ్ 7తోనూ, 1992లో విండోస్ 3.1తోనూ సామాన్య వాడుకరికి చేరింది. ఈ పద్ధతిలో అక్షరం ఒక రేఖాచిత్రం. దానిని ఏ పరిమాణానికైనా పెంచవచ్చు. చివరకు తెరపై మాత్రం పిక్సెళ్లుగానే మార్చాలి.

ఈ మార్పులోనే చిక్కు ఉంది. ముద్రణయంత్రానికి అంగుళానికి 300 లేదా 600 చుక్కలు ఉంటాయి. తెరకు ఉన్నవి 96 మాత్రమే. గీత మందం ఒకటిన్నర పిక్సెళ్లు వస్తే దానిని ఒకటి చేయాలా, రెండు చేయాలా? ఇటువంటి సందర్భాలలో ఏం చేయాలో ఫాంటులోనే రాసిపెట్టే సూచనలను ‘హింటింగ్’ అంటారు. 1996లో మాథ్యూ కార్టర్ రూపొందించిన వెర్డానా ఫాంటు తెర కోసమే పుట్టినది. దాని హింటింగ్‌ను టామ్ రిక్నర్ చేశాడు. రోమన్ లిపికి ఇటువంటి శ్రమ ఫలించింది.

పిక్సెల్‌ను పూర్తి నలుపు, పూర్తి తెలుపు కాక మధ్యస్థమైన బూడిదరంగులతో నింపి అంచును నునుపు చేయడం మరొక ఉపాయం. ఉపకారి అయిన మసక ఇదే. 1998 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన క్లియర్‌టైప్ దీనికి మరో మెట్టు. ఎల్‌సీడీ తెరపై ప్రతి పిక్సెల్‌లోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాలు పక్కపక్కన ఉంటాయి. ఆ మూడు భాగాలనూ విడివిడిగా వాడుకొంటే అడ్డంగా సాంద్రత మూడింతలైనట్టు లెక్క. 2001లో విండోస్ ఎక్స్‌పీలో ఇది ఐచ్ఛికంగా లభించింది. తరువాతి విండోస్ విస్టాలో తొలినుంచే అమలులో ఉంది. అక్షరపు సహజాకృతిని కాపాడడానికి ఆపిల్ ప్రాధాన్యమిస్తే, పిక్సెళ్ల గడులకు అక్షరాన్ని ఒదిగించి తేటదనం సాధించడానికి మైక్రోసాఫ్ట్ ప్రాధాన్యమిచ్చింది. పద్ధతులు వేరైనా రెండింటి లక్ష్యమూ చాలీచాలని పిక్సెళ్లతో అక్షరాన్ని నిలబెట్టడమే.

4. సాంద్రత పెరిగిన కాలం

పిక్సెళ్లు చాలవన్న కొరతను తీర్చే తెరలు 2001లోనే వచ్చాయి. ఐబీఎం రూపొందించిన టీ220 మానిటర్ 22.2 అంగుళాల తెరపై 3840 × 2400 పిక్సెళ్లు చూపింది. సాంద్రత అంగుళానికి 204. అది ప్రత్యేక అవసరాలకు వాడే ఖరీదైన పరికరం కావడంతో సామాన్య ప్రోగ్రాములపై దాని ప్రభావం పడలేదు.

మార్పు చరవాణి ద్వారా వచ్చింది. 2010లో ఐఫోన్ 4 తెర సాంద్రత 326. దీనికి ఆపిల్ ‘రెటీనా’ అని పేరు పెట్టింది. 2012లో 15.4 అంగుళాల మాక్‌బుక్ ప్రో 2880 × 1800 పిక్సెళ్లతో, 220 సాంద్రతతో వెలువడింది. ఆపిల్ ఇక్కడ పూర్ణాంకాన్ని ఎంచుకొంది. పాత తెరపై ఒక పిక్సెల్ ఉన్నచోట కొత్త తెరపై రెండు అడ్డం, రెండు నిలువు, మొత్తం నాలుగు పిక్సెళ్లు. సిస్టమ్ అందించే పద్ధతుల ద్వారా అక్షరాలను చిత్రించే ప్రోగ్రాములకు తేటదనం దానంతట అదే లభించింది. సొంతంగా పిక్సెళ్లను నింపుకొనే ప్రోగ్రాములు అక్కడ కూడా కొంతకాలం మసకగానే కనిపించాయి.

విండోస్ ప్రపంచంలో అనేక తయారీదారులు, అనేక పరిమాణాలు. 14 అంగుళాల ల్యాప్‌టాప్‌పై 1920 × 1080 పిక్సెళ్లు ఉంటే సాంద్రత సుమారు 157. అదే 24 అంగుళాల తెరపై 3840 × 2160 ఉంటే సుమారు 184. కాబట్టి అక్కడ 125, 150, 175 శాతం వంటి భిన్నాంకాల స్కేలింగ్ తప్పలేదు. సమస్య ముదిరింది ఇక్కడే.

5. సాగదీసిన బొమ్మ

96 పిక్సెళ్లను అంగుళంగా నమ్మిన ప్రోగ్రామును 184 సాంద్రత గల తెరపై ఉన్నదున్నట్టు నడిపితే ఏమవుతుంది? 16 పిక్సెళ్ల అక్షరం 16 పిక్సెళ్లుగానే వస్తుంది. అది తేటగానే ఉంటుంది గాని, పరిమాణంలో సగమై చదవడానికి వీలుండదు. విండోస్‌లో ‘పెద్ద అక్షరాలు’ అనే వెసులుబాటు పూర్వం నుంచీ ఉంది. దానిని ఎంచుకొంటే అక్షరాలు పెరిగేవి, పిక్సెళ్లలో కొలిచి పెట్టిన పెట్టెలు మాత్రం పెరిగేవి కావు. మాటలు సగంలో తెగిపోయేవి.

2007లో విడుదలైన విండోస్ విస్టా దీనికి ఒక మధ్యేమార్గం చూపింది. అధిక సాంద్రతను అర్థం చేసుకోగల ప్రోగ్రాము ఆ సంగతిని ముందే ప్రకటించుకోవాలి. అలా ప్రకటించని ప్రోగ్రాముకు సిస్టమ్ ‘తెర సాంద్రత 96’ అని చెబుతుంది. ప్రోగ్రాము దానిని నమ్మి తన విండోను పాత పరిమాణంలో చిత్రిస్తుంది. సిస్టమ్ ఆ చిత్రాన్ని తీసుకొని, ఒక ఛాయాచిత్రాన్ని పెద్దది చేసినట్టు సాగదీసి తెరపై పెడుతుంది. పెట్టెలు చెదరవు, మాటలు తెగవు. కాని అక్షరం అప్పటికే రేఖాచిత్రం కాదు, చుక్కల బొమ్మ. 150 శాతం స్కేలింగ్‌లో ఒక పిక్సెల్ ఒకటిన్నర పిక్సెళ్లు కావాలి. తెరపై అర పిక్సెల్ ఉండదు కనుక పక్క పిక్సెళ్ల రంగులను కలిపి సగటు తీస్తారు. క్లియర్‌టైప్ జాగ్రత్తగా అమర్చిన రంగుల అంచు కూడా ఈ సగటులో చెదిరిపోతుంది. ఉపకారి అయిన మసకను సాగదీస్తే అపకారి అయిన మసక పుడుతుంది.

తరువాతి చరిత్ర అంతా ఈ రాజీని సవరించే ప్రయత్నమే. 2013లో విండోస్ 8.1 ఒక్కొక్క మానిటర్‌కు ఒక్కొక్క స్కేలింగ్‌ను అనుమతించింది. తరగతిగదిలో ల్యాప్‌టాప్‌కు ప్రొజెక్టర్ తగిలించినప్పుడు ఒకచోట తేటగా ఉన్న విండో మరొకచోటికి జరిపితే మసకబారడానికి కారణం ఈ రెండు సాంద్రతల తేడాయే. 2017లో విండోస్ 10 మరొక పద్ధతిని చేర్చింది. పాతతరహా చిత్రణపద్ధతిని వాడే ప్రోగ్రాములలో బొమ్మను సాగదీయడానికి బదులు, అక్షరాలను మాత్రం రేఖాచిత్రం నుంచి పెద్దవిగా మళ్లీ చిత్రించే ప్రయత్నమిది. 2018లో మసక ప్రోగ్రాములను సరిదిద్దే వెసులుబాటు సెట్టింగ్స్‌లో చేరింది. ఏ ఒక్కటీ అన్ని ప్రోగ్రాములకూ పనిచేసే పరిష్కారం కాలేదు. ప్రోగ్రామును తిరగరాయడం తప్ప సంపూర్ణమైన మార్గం లేదు.

6. తెలుగు లిపి – నిలువు కొలత

పై చరిత్రలోని ప్రతి నిర్ణయమూ రోమన్ లిపిని దృష్టిలో ఉంచుకొని జరిగినదే. రోమన్ అక్షరాలు అడ్డంగా వరుసకడతాయి. వాటి భేదాలు ఎక్కువగా నిలువుగీతల మధ్య ఎడంలో ఉంటాయి. అందుకే అడ్డంగా సాంద్రతను పెంచే క్లియర్‌టైప్ వాటికి సరిపోయింది.

తెలుగులో భేదాలు పైనా, కిందా ఉంటాయి. గుడికీ గుడి దీర్ఘానికీ తేడా తలపైన చిన్న మెలిక. ‘విడు’, ‘వీడు’ అన్న మాటలను వేరుచేసేది అదే. ‘బావ’, ‘భావ’ అన్నప్పుడు తేడా అడుగున చిన్న గీత. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో సకారానికి గుడి దీర్ఘం పైన, తకార రేఫల ఒత్తులు కింద చేరాలి. రోమన్ లిపికి సరిపోయిన 16 పిక్సెళ్ల ఎత్తులో ఈ అంతస్తులన్నీ ఇమడాలి. తొలినాటి క్లియర్‌టైప్ అమలులో నిలువుదిశలో అంచును నునుపు చేసే ఏర్పాటు లేదు. 2009లో విండోస్ 7తో వచ్చిన డైరెక్ట్‌రైట్ పద్ధతిలో అది చేరింది. పాత పద్ధతికి అంటిపెట్టుకొన్న ప్రోగ్రాములకు ఆ ప్రయోజనం అందలేదు. తెలుగు ఫాంటులో అక్షరరూపాలు వందల సంఖ్యలో ఉంటాయి కనుక, ఒక్కొక్కదానికీ చేతితో హింటింగ్ రాయడం రోమన్ ఫాంటుతో పోల్చరాని శ్రమ.

‘అర్థం’, ‘అర్ధం’ అన్న జంటను తీసుకొందాం. మొదటిది భావం, రెండోది సగం. రెండింటినీ వేరుచేసేది రేఫ కింది ఒత్తులోని ఒక బిందువు. ఒత్తు మూలాక్షరం కన్నా చిన్నది. అందులోని బిందువు ఇంకా చిన్నది. 16 పిక్సెళ్ల అక్షరంలో ఆ బిందువుకు ఒకటో రెండో పిక్సెళ్లు దక్కుతాయి. ఆ బొమ్మను ఒకటిన్నర రెట్లు సాగదీస్తే బిందువు చుట్టుపక్కల గీతలతో కలిసి బూడిదరంగు మరక అవుతుంది. అదే అక్షరాన్ని 24 పిక్సెళ్లలో నేరుగా చిత్రిస్తే బిందువు విడిగా నిలబడుతుంది. అధిక సాంద్రత గల తెర వల్ల రోమన్ లిపికి సొగసు పెరిగితే, తెలుగుకు అక్షరభేదమే దక్కుతుంది. కనుక సాగదీత వల్ల తెలుగు పోగొట్టుకొనేది కూడా ఎక్కువే.

7. పాత ప్రోగ్రాములతో ముడి

1991లో యూనికోడ్ తొలికూర్పులోనే తెలుగుకు స్థానం లభించింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు, 2009లో విండోస్ 7తో వాణి, 2012లో విండోస్ 8తో నిర్మలా యూఐ వచ్చాయి. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంటులు యూనికోడ్ తెలుగు వ్యాప్తికి తోడ్పడ్డాయి. యూనికోడ్‌లో ఉన్న పాఠం ఏ కొత్త ప్రోగ్రాములోనైనా తెరుచుకొంటుంది. కాబట్టి అది పాత ప్రోగ్రాముకు బందీ కాదు.

తెలుగు ముద్రణారంగం మాత్రం అంతకుముందే మరొక మార్గంలో స్థిరపడింది. 1985లో మాకింతోష్ కోసం వచ్చిన పేజ్‌మేకర్ డీటీపీకి ఆద్యమైన ప్రోగ్రాములలో ఒకటి. దాని 7.0 కూర్పు 2001 నాటిది. అను, శ్రీలిపి వంటి ఫాంటులతో కలిసి ఇటువంటి ప్రోగ్రాములు తెలుగునాట డీటీపీ కేంద్రాలలో పాతుకుపోయాయి. ఆ ఫాంటులలో తెలుగు అక్షరభాగాలను రోమన్ సంకేతస్థానాలలో అమర్చుకొన్నారు. యూనికోడ్ సౌకర్యం లేని రోజుల్లో పుస్తకాలను, పత్రికలను నడిపించిన ఏర్పాటు అది. దాని వల్ల తెలుగు ముద్రణకు జరిగిన మేలు తక్కువది కాదు. అయితే ఆ ఫైలు ఆ ఫాంటు లేనిచోట అర్థరహితమైన రోమన్ అక్షరాల గుంపు. మార్పిడి చేయకుండా కొత్త ప్రోగ్రాములోకి తీసుకుపోలేము. అందువల్ల పాత ఫైలుతో పాత ప్రోగ్రామూ బతికి ఉండవలసి వచ్చింది.

ఇక్కడ కాలక్రమం కీలకం. సాంద్రతను గూర్చిన ప్రకటన 2007లో మొదలైంది. 2001 నాటి ప్రోగ్రాముకు ఆ ప్రకటన చేసే అవకాశమే లేదు. అభివృద్ధి నిలిచిపోయిన ప్రోగ్రాము తరువాతనైనా దానిని చేర్చుకోలేదు. కాబట్టి కొత్త తెరపై దాని అక్షరం సాగదీతకు గురికావడం అనివార్యం. తెలుగుకు సూక్ష్మభేదాల అవసరం ఎక్కువ. ఆ భేదాలను చెరిపే పాత ప్రోగ్రాములతో ముడి కూడా ఎక్కువ. ఈ రెండూ ఒకే లిపి దగ్గర కలవడమే మన సమస్య ప్రత్యేకత.

8. పాఠపరిష్కరణ దృష్టి

మసక తెరకే పరిమితం. ముద్రణయంత్రానికి రేఖాచిత్రమే చేరుతుంది కనుక కాగితంపై ప్రతి బిందువూ స్పష్టంగా పడుతుంది. ప్రూఫ్ తెరపై దిద్దినవారి కంటికి ‘అర్ధం’, ‘అర్థం’ ఒకేలా కనిపించినా, అచ్చులో అవి వేరువేరుగా, కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. తెరపై కనిపించని తప్పు పుస్తకంలో శాశ్వతమవుతుంది.

దీని నుంచి పరిష్కర్తకు రెండు విషయాలు తేలుతాయి. మొదటిది, డీటీపీ కాలపు పాఠాలలో థ–ధ, బ–భ, హ్రస్వ–దీర్ఘాల తారుమారు కనిపించినప్పుడు దానిని వెంటనే రచయిత అజ్ఞానానికో, మాండలికానికో ఆపాదించరాదు. కూర్పరి మీటనొక్కుడు, తెరపై ప్రూఫ్ దిద్దిన పరిస్థితి కూడా పరిశీలనలోకి రావాలి. లేఖకుని చేతివాటాన్ని లెక్కలోకి తీసుకొన్నట్టే ఇది కూడా. రెండోది, ప్రతి తారుమారునూ తెరమీదికి నెట్టివేయడం కూడా పొరపాటే. థ–ధల విషయంలో ఉచ్చారణ వల్ల, అలవాటు వల్ల చేతిరాతలోనూ తారుమారు సాధారణం. రచయిత రాతప్రతి లభించినప్పుడు దానితో పోల్చిన తరువాతే నిర్ణయానికి రావాలి.

నేటి ఆచరణకు సంబంధించి కూడా కొన్ని సూచనలు ఈ చరిత్ర నుంచే వస్తాయి. పాత ప్రోగ్రాములో కూర్చిన సిద్ధాంతగ్రంథాన్ని ఆ ప్రోగ్రాము తెరపైనే దిద్దడం సురక్షితం కాదు. దానిని పీడీఎఫ్‌గా మార్చి, అధిక సాంద్రతకు అనుకూలించే కొత్త ప్రోగ్రాములో తెరిస్తే అక్షరం రేఖాచిత్రం నుంచి మళ్లీ చిత్రింపబడుతుంది. కాగితంపై ముద్రించి దిద్దడం అంతకన్నా మేలు. ప్రోగ్రాము లక్షణాల పెట్టెలో అధిక డీపీఐ స్కేలింగ్‌ను మార్చే వెసులుబాటు ఉంది. దానిని ‘అప్లికేషన్’కు వదిలితే అక్షరం తేటపడుతుంది గాని చిన్నదవుతుంది. పేజీని పెద్దది చేసి చూసుకోగల ప్రోగ్రాములలో అది ఉపయోగపడుతుంది.

9. ముగింపు

1. అధిక సాంద్రత గల తెరపై డెస్క్‌టాప్ ప్రోగ్రాములలో కనిపించే మసక ప్రధానంగా ఫాంటు లోపమూ కాదు, తెర లోపమూ కాదు. 96 పిక్సెళ్లను అంగుళంగా భావించిన ప్రోగ్రాముల చిత్రాన్ని సిస్టమ్ సాగదీయడం వల్ల కలిగినది.

2. 2007 నాటి ఈ ఏర్పాటు పొరపాటు కాదు. పాత ప్రోగ్రాములు పనిచేయడం కోసం తేటదనాన్ని వదులుకొన్న రాజీ.

3. తెలుగు లిపిలో అర్థభేదకమైన గుర్తులు నిలువుదిశలో, అతిసూక్ష్మంగా ఉంటాయి. అందువల్ల ఈ రాజీ భారం తెలుగుపై ఎక్కువగా పడింది.

4. యూనికోడేతర ఫాంటులలో ఉన్న తెలుగు పాఠాలను యూనికోడ్‌లోకి మార్చడాన్ని వెతుకులాట సౌకర్యంగానే చూస్తున్నాము. పాఠాన్ని స్పష్టంగా చదివి దిద్దగలగడానికి కూడా అది అవసరం. మార్పిడిలో కొత్త తప్పులు చేరే అవకాశం ఉంది కనుక, మూలప్రతితో సరిచూసే పని భాషావేత్తల పర్యవేక్షణలో జరగాలి. సీసపు అచ్చుల నాటి పుస్తకం చేతికి దొరికితే నేటికీ చదవగలము. డీటీపీ కాలపు ఫైలు దొరికినా, దానిని తెరిచే ప్రోగ్రాము లేకపోతే చదవలేము. ఆ ప్రోగ్రాములు ఇంకా నడుస్తుండగానే ఈ పనికి పూనుకోవలసి ఉంది.